'లుక్ ఫార్వర్డ్ టు' తర్వాత 'మీట్' కాకుండా 'మీటింగ్' ఎందుకు రావాలి?

ప్రశ్న: పోటీ పరీక్షల అభ్యర్థి, ఖమ్మం

మిత్రులకు నమస్కారం. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే సీజీఎల్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. వాక్యంలో దోషాన్ని గుర్తించమనే ప్రశ్నల్లో ఒక రకం దగ్గర నాకు స్పష్టత కుదరడం లేదు. 'టు' తర్వాత క్రియ మూలరూపం రావాలని బడిలో నేర్చుకున్నాం: 'ఐ వాంట్ టు మీట్ యూ'. కానీ ఒక నమూనా ప్రశ్నపత్రంలో 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ' అన్నదే సరైనదని ఇచ్చారు. అదే పత్రంలో 'ఇన్‌సిస్టెడ్ టు పే' తప్పనీ 'ఇన్‌సిస్టెడ్ ఆన్ పేయింగ్' ఒప్పనీ, 'సక్సీడెడ్ టు పాస్' తప్పనీ 'సక్సీడెడ్ ఇన్ పాసింగ్' ఒప్పనీ ఉంది. ఇలాంటి క్రియల పట్టికలు ఎన్నో దొరుకుతున్నాయి గానీ, కారణం చెప్పేవారు కనిపించడం లేదు. ఇక్కడ 'ఇంగ్' రూపం ఎందుకు వస్తుంది? ఏ క్రియకు ఏ ప్రిపొజిషన్ వస్తుందో బట్టీ పట్టడం తప్ప వేరే దారి లేదా?

సమాధానం: విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు, తెనాలి

మీ మొదటి ప్రశ్నకు జవాబు తెలుగులోనే ఉంది. 'లో', 'కి', 'మీద', 'వల్ల' అనేవి మనం నామవాచకానికే చేరుస్తాం. 'పరీక్షలో' అనగలం, 'పాసవులో' అనలేం. క్రియకు విభక్తి చేర్చవలసి వస్తే ముందు దాన్ని నామంగా మార్చి 'పాసవడంలో' అంటాం. ఇంగ్లిష్‌లో ప్రిపొజిషన్ చేసే పని కూడా ఇదే, కాకపోతే అది నామానికి ముందు నిలబడుతుంది. అందుచేత ప్రిపొజిషన్ తర్వాత క్రియ రావాలంటే అది 'ఇంగ్' చేర్చుకుని నామరూపం ధరించాలి. మన 'డం' ఎంతో, ఇక్కడ వారి 'ఇంగ్' అంత. దీనినే జెరండ్ అంటారు. 'ఆన్', 'ఇన్', 'ఆఫ్', 'ఫర్', 'ఫ్రమ్', 'విత్' వంటి వాటి తర్వాత 'ఇంగ్' తప్ప మూలరూపం రాదని నిశ్చింతగా రాయవచ్చు.

చిక్కంతా 'టు' దగ్గరే వస్తుంది, ఎందుకంటే ఇంగ్లిష్‌లో రెండు 'టు'లు ఉన్నాయి. ఒకటి నిజమైన ప్రిపొజిషన్. రెండవది ఇన్ఫినిటివ్, అంటే 'టు మీట్' వంటి 'టు'తో కూడిన క్రియ మూలరూపానికి గుర్తు మాత్రమే. చరిత్ర చూస్తే ఈ రెండూ ఒకే ఇంటివి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ఇన్ఫినిటివ్‌కు ముందు వచ్చిన 'టు' కూడా ప్రిపొజిషనే, దాని తర్వాత క్రియ చివర మన 'కి' వంటి విభక్తి ప్రత్యయం ఉండేది. కాలక్రమంలో ఆ ప్రత్యయం అరిగిపోయి క్రియ మూలరూపంతో సమానమైంది, ముందున్న 'టు' ఒట్టి గుర్తుగా మిగిలింది.

రెండింటినీ వేరుచేయడానికి ఒక పరీక్ష ఉంది. 'టు' తర్వాతి క్రియను తీసేసి 'ఇట్' పెట్టి చూడండి. 'ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్' నిలుస్తుంది, 'ఐ వాంట్ టు ఇట్' నిలవదు. నిలిచిన చోట 'ఇంగ్' రాయాలి. 'ఆబ్జెక్ట్ టు', 'కన్ఫెస్ టు', 'రిసార్ట్ టు', 'బీ అకస్టమ్డ్ టు' ఈ కోవలోవే. పరీక్షల్లో తరచుగా వచ్చే 'ఐ యూజ్డ్ టు వాక్', 'ఐ యామ్ యూజ్డ్ టు వాకింగ్' మధ్య తేడా కూడా ఇదే: మొదటిది ఒకప్పుడు నడిచేవాడినని, రెండవది నడకకు అలవాటు పడ్డానని. 'గో', 'కమ్' వంటి చలన క్రియలకు మాత్రం ఈ పరీక్ష పెట్టవద్దు. వాటి తర్వాత 'టు' గమ్యాన్ని కూడా సూచిస్తుంది కనుక ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

సమాధానం: అనువాదకురాలు, హైదరాబాద్

మాస్టారు గారు చెప్పినదానికి తెలుగు వైపు నుంచి ఒక మాట చేరుస్తాను. మనకు ఈ గందరగోళం ఎక్కువగా ఉండడానికి కారణం 'డానికి' అనే రూపం. 'సినిమా చూడడానికి వెళ్లాను', 'పెందలాడే లేవడానికి అలవాటు పడ్డాను' అన్న రెండు వాక్యాల్లోనూ రూపం ఒక్కటే. కానీ మొదటిదాన్ని 'చూడడం కోసం వెళ్లాను' అని మార్చవచ్చు, రెండవదాన్ని 'లేవడం కోసం అలవాటు పడ్డాను' అంటే అర్థం చెడిపోతుంది. 'కోసం' పట్టే చోట ఇన్ఫినిటివ్, పట్టని చోట 'ఇంగ్' అని నేను గుర్తు పెట్టుకుంటాను.

సమాధానం: విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు, తెనాలి

అమ్మా, మీ పరిశీలన చక్కగా ఉంది, కానీ దాన్ని సూత్రంగా పరీక్ష హాలులోకి తీసుకువెళ్లడం ప్రమాదకరం. 'వెళ్లడానికి నిరాకరించాడు', 'వెళ్లడానికి ఒప్పుకున్నాడు' అన్న వాక్యాల్లో 'కోసం' పట్టదు, అయినా ఇంగ్లిష్‌లో 'రిఫ్యూజ్డ్ టు గో', 'అగ్రీడ్ టు గో' అనే అనాలి. నేను చెప్పిన 'ఇట్' పరీక్ష 'రిఫ్యూజ్' విషయంలో సరిగానే పనిచేస్తుంది, ఎందుకంటే 'రిఫ్యూజ్డ్ టు ఇట్' అనరు. 'అగ్రీ' దగ్గర మాత్రం అదీ విఫలమవుతుంది. 'అగ్రీడ్ టు ఇట్' మంచి ఇంగ్లిషే, అయినా క్రియ వచ్చినప్పుడు మామూలుగా ఇన్ఫినిటివ్ వాడతారు. 'కన్సెంట్' కూడా అంతే. ఈ రెండింటినీ విడిగా గుర్తుంచుకోవాలి.

తిరుగు ప్రశ్న: పోటీ పరీక్షల అభ్యర్థి, ఖమ్మం

ఇద్దరికీ కృతజ్ఞతలు. 'టు' సంగతి స్పష్టమైంది. నా రెండవ సందేహం అలాగే ఉంది. 'ప్రివెంట్' తర్వాత 'ఫ్రమ్', 'అపాలజైజ్' తర్వాత 'ఫర్', 'అక్యూజ్' తర్వాత 'ఆఫ్' అని ముందుగా ఊహించడానికి ఆధారం ఏదైనా ఉందా?

సమాధానం: అనువాదకురాలు, హైదరాబాద్

పూర్తి ఆధారం లేదు గానీ, సగం దూరం తీసుకువెళ్లే ఆధారం ఉంది. నేను రోజూ చేసే పనిలో గమనించినది చెబుతాను. తెలుగు వాక్యంలో 'నందుకు' కనిపిస్తే ఇంగ్లిష్‌లో దాదాపు ఎప్పుడూ 'ఫర్' వస్తుంది. 'ఆలస్యంగా వచ్చినందుకు క్షమాపణ చెప్పాడు' అంటే 'అపాలజైజ్డ్ ఫర్ కమింగ్ లేట్'. 'సాయం చేసినందుకు ధన్యవాదాలు' అంటే 'థ్యాంక్ యూ ఫర్ హెల్పింగ్'. నిందించడం, శిక్షించడం, మన్నించడం అన్నీ ఇందులోకే వస్తాయి. జరిగిపోయిన పనిని కారణంగా చూపే చోట మనకు 'నందుకు', వారికి 'ఫర్'. 'కంగ్రాచ్యులేట్' మాత్రం మామూలుగా 'ఆన్' కోరుతుంది: గెలిచినందుకు అభినందించారు, 'కంగ్రాచ్యులేటెడ్ హిమ్ ఆన్ విన్నింగ్'.

'కుండా' దగ్గర మరింత జాగ్రత్త కావాలి. 'అతన్ని రాకుండా అడ్డుకున్నారు' అని మనం వ్యతిరేక రూపంలో చెబుతాం. ఆ వ్యతిరేకాన్ని అలాగే మోసుకువెళ్లి 'ప్రివెంటెడ్ హిమ్ నాట్ టు కమ్' అని రాసేవారు ఎందరో ఉన్నారు. ఇంగ్లిష్‌లో అడ్డుకోవడం అనే క్రియలోనే నిషేధం ఉంది కనుక మళ్లీ 'నాట్' అక్కరలేదు. ఆ పని నుంచి దూరంగా నిలిపారన్న భావం 'ఫ్రమ్'లో ఉంది: 'ప్రివెంటెడ్ హిమ్ ఫ్రమ్ కమింగ్'. 'స్టాప్', 'డిస్కరేజ్', 'ప్రొహిబిట్', 'రిఫ్రెయిన్' అన్నీ ఇంతే. అయితే 'చెప్పకుండా వెళ్లాడు' అన్నప్పుడు అడ్డుకోవడం లేదు కనుక అక్కడ 'వితౌట్ టెల్లింగ్' వస్తుంది.

'అని' మీద మాత్రం ఆధారపడకండి. 'దొంగిలించాడని ఆరోపించారు', 'తానే కడతానని పట్టుబట్టాడు', 'వెళ్లాలని ఆలోచిస్తున్నాను' అన్నింటిలోనూ మనకు 'అని' ఉంది. ఇంగ్లిష్‌లో మొదటిదానికి 'ఆఫ్', రెండవదానికి 'ఆన్', మూడవదానికి మళ్లీ 'ఆఫ్'. ఆ మూడవ వాక్యం నుంచే మన వైపు బాగా వినిపించే 'ఐ యామ్ థింకింగ్ టు గో' పుట్టింది. పరీక్షలో 'థింకింగ్ ఆఫ్ గోయింగ్' అనే గుర్తించాలి. ఈ వర్గం వరకు క్రియను ప్రిపొజిషన్‌తో కలిపి ఒకే మాటగా నేర్చుకోవలసిందే.

సమాధానం: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, లీడ్స్, ఇంగ్లండ్

ఇక్కడి పత్రికల్లోనూ సంభాషణల్లోనూ 'ఫ్రమ్' లేకుండా 'ప్రివెంటెడ్ హిమ్ లీవింగ్', 'స్టాప్డ్ హిమ్ లీవింగ్' అనడం సాధారణం, దాన్ని ఎవరూ తప్పుగా భావించరు. అమెరికన్ వాడుకలో 'ప్రివెంట్' తర్వాత 'ఫ్రమ్' ఉంచుతారు. మీరు కూడా ఉంచడమే క్షేమం. 'కీప్' విషయంలో మాత్రం ఏ దేశంలోనూ 'ఫ్రమ్' వదలడానికి వీల్లేదు. 'కెప్ట్ హిమ్ ఫ్రమ్ గోయింగ్' అంటే వెళ్లకుండా ఆపారని. 'కెప్ట్ హిమ్ గోయింగ్' అంటే ఆగిపోకుండా కొనసాగేలా చేశారని.

సమాధానం: ప్రభుత్వ కార్యాలయ ఉద్యోగి, కర్నూలు

రోజూ ఫైళ్లు రాసే వాడిగా రెండు విషయాలు చెప్పాలనిపించింది. 'అక్యూజ్' తర్వాత 'ఆఫ్' వస్తుంది గానీ, అదే నేరారోపణను 'చార్జ్' అనే క్రియతో చెబితే 'విత్' వస్తుంది: 'అక్యూజ్డ్ ఆఫ్ స్టీలింగ్', 'చార్జ్‌డ్ విత్ స్టీలింగ్'. నేరం రుజువైనప్పుడు 'కన్విక్టెడ్' తర్వాత మళ్లీ 'ఆఫ్'. ఈ మూడింటినీ కలిపి అడిగే అవకాశం ఉంది కనుక పక్కపక్కనే రాసి పెట్టుకోండి.

రెండవది క్రియ కాదు గానీ, ఈ 'టు' చర్చకు చెందినదే. 'తాగునీటి సరఫరాను మెరుగుపరచే ఉద్దేశంతో' అని చెప్పడానికి కార్యాలయ ఉత్తరాల్లో 'విత్ ఎ వ్యూ టు ఇంప్రూవ్' అని తరచూ రాస్తారు. అది 'విత్ ఎ వ్యూ టు ఇంప్రూవింగ్' అని ఉండాలి. పైన చెప్పిన 'కోసం' గుర్తు ఇక్కడ కూడా తప్పు జవాబే ఇస్తుంది, ఎందుకంటే 'మెరుగుపరచడం కోసం' అన్నది తెలుగులో చక్కగా కుదురుతుంది. 'ఇన్ ఆర్డర్ టు' తర్వాత మూలరూపమే వస్తుంది కనుక, అర్థం ఒకటే అయిన ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి దోషం అడిగితే చాలామంది తడబడతారు.