స్కానింగ్ అయిపోయాక అసలు కాగితాలు ఎక్కడుండాలి: ఊళ్లోనా, విశాఖలోనా? (చర్చ. ప్రతి మాట పైన ఉన్నది రాసినవారి కలం పేరు.)

రచ్చబండ
భీమిలికీ ఆనందపురానికీ మధ్య ఒక ఊరు. పాత పంచాయతీ గదిలో ఊరి చరిత్ర భాండాగారం నడుస్తోంది. జీతాల్లేవు. ఆదివారాలు ఆరుగురు వస్తారు. ఉన్నవి రెండు ఇనప బీరువాలు, ఒక స్కానరు. ఇళ్ల నుంచి చేరినవి: తాటాకు కట్టలు పదకొండు, జమీందారీ కాలపు కరణం లెక్కలు, క్రయ దస్తావేజులు, నాటకాల కరపత్రాలు, ఫొటోలు. స్కానింగు సగం దాటింది. ఇప్పుడు కమిటీలో రెండు పక్షాలు. "స్కాన్లు మన దగ్గరుంటాయి కదా, అసళ్లు నగరంలో ఏదైనా పెద్ద గ్రంథాలయానికి ఇచ్చేద్దాం" అని ఒకరు. "కాగితం ఊరు దాటిందంటే మళ్లీ రాదు" అని ఇంకొకరు. కారణాలతో చెప్పండి. సెంటిమెంటు మాకు కావలసినంత ఉంది.

ఉప్పుగాలి
ఇచ్చెయ్యండి. కాగితానికి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే సుఖం. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు 70 దాటే ఉంటుంది. 65 దాటి నిలకడగా ఉంటే బూజు పుడుతుంది. దానికి తోడు ఉప్పు. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి, తుప్పు పట్టిన చోట కాగితం చిల్లి పడుతుంది. ఇనప బీరువాని బయటి గోడకి ఆనించారా, రాత్రి చల్లబడ్డప్పుడు లోపలి రేకు చెమర్చి వెనక వరస కట్టలు తడుస్తాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరంలోనే రోజుల తరబడి కరెంటు లేదు. మళ్లీ అలాంటిది వస్తే పంచాయతీ గది పైకప్పు మీద మీకంత నమ్మకమా? తడిసిన కాగితానికి 48 గంటలే గడువు, ఆ తర్వాత బూజు. ఆ రెండు రోజుల్లో ఆరుగురూ ముందు తమ ఇళ్లు చూసుకుంటారా, భాండాగారం చూసుకుంటారా?

కవిలెకట్ట
తేమ గురించి మీరన్నది నిజం. కానీ "అన్నీ ఒకే చోటికి" అంటే నేనొప్పుకోను.

ముందు కరణం లెక్కల సంగతి. మన జిల్లాలో చాలా భాగం జమీందారీ. రైత్వారీ (రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే) ఊళ్లకయితే సర్కారు దగ్గర సర్వే లెక్కలుండేవి. ఎస్టేటు ఊళ్లలో 1948 రద్దు చట్టం వచ్చి, సర్వే జరిగి, పట్టాలిచ్చేదాకా ఊరి స్థాయి వివరం ఉండేది కరణం దగ్గరా ఎస్టేటు కచేరీలోనే. ఏ చేను ఎవరు దున్నారు, ఏ చెరువు కింద ఎంత తడి, శిస్తు ఎంత బాకీ అన్నవి చాలా ఊళ్లకి ఇంకెక్కడా దొరకవు. అవి చదవాలంటే ఊరివాళ్లు పక్కన ఉండాలి. "గొల్లవాని గుంట పడమర మెరక" అని రాసుంటే అదెక్కడో నగరంలో కూర్చున్న పరిశోధకుడికి ఎవరు చెబుతారు? ఆ పేర్లు తెలిసినవాళ్లు ఉన్నంతకాలం పుస్తకం ఊళ్లో ఉండటమే దానికి సగం సూచిక.

తేదీల్లో జరిగే పొరపాటు ఒకటి. లెక్కల మీద 1356 అని ఉంటే అది ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. 590 కలిపితే 1946. జులై నుంచి మరుసటి జూన్ దాకా, అంటే 1946-47. తాటాకు మీద "వ్యయ" అని సంవత్సరం పేరొక్కటే ఉంటే అది 1946-47 కావచ్చు, 1886-87 కూడా కావచ్చు. అరవై ఏళ్ల తేడా. చేతిరాత, అందులోని మనుషుల పేర్లు చూసి తేల్చుకోవాలి. కేటలాగులో కాగితం మీదున్నది ఉన్నట్టుగా ఒక గడిలో, మన అంచనా వేరే గడిలో రాయండి. ఊరి పేరుకీ ఇదే పద్ధతి. 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి జిల్లాలు విడిపోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఇప్పటి జిల్లా ఒక్కటే రాస్తే రేపు వెతికేవాడికి దొరకదు.

మూడో కాపీ
అసళ్లు ఎక్కడున్నా సరే, "స్కాన్లు చాలు" అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఆ స్కాన్లు ఎలా చేశారు?

ఏ4 కాగితం 300 డీపీఐ, రంగులో, టిఫ్‌గా తీస్తే ఒక్కో పేజీ సుమారు 26 ఎంబీ. పదివేల పేజీలంటే 260 జీబీ. హార్డ్ డిస్క్ ధర పెద్ద లెక్క కాదు. అయినా చాలామంది చోటు మిగుల్చుకుందామని నలుపు-తెలుపు జేపెగ్ తీసేస్తారు. ఆ తర్వాత ఎరుపు సిరాతో కొట్టేసిన వరస, ఊదారంగు కాపీయింగ్ పెన్సిల్‌తో చేసిన దిద్దుబాటు, అన్నీ ఒకే బూడిదరంగు. ఫొటోలకి 600, పాస్‌పోర్టు సైజు బొమ్మకి 1200. ప్రతి కాగితం వెనక వైపు కూడా తియ్యాలి, ఖాళీగా కనిపించినా సరే. ఫొటో వెనక స్టూడియో ముద్ర, దస్తావేజు వెనక రిజిస్ట్రారు రాత ఉంటాయి.

కుట్టుపుస్తకాన్ని ఫ్లాట్‌బెడ్ స్కానరు అద్దం మీద బోర్లించి నొక్కితే వెన్ను విరుగుతుంది. వాటికి పైనుంచి కెమెరా, రెండు పక్కలా 45 డిగ్రీల్లో దీపాలు.

కాపీలు మూడు. వాటిలో ఒకటి ఊరికి బయట. డిస్కు బీరువాలో పెట్టి తాళం వేస్తే అది కాపీ కాదు. ఆర్నెల్లకోసారి తెరిచి చెక్‌సమ్‌లు (ఫైలు చెడిందో లేదో చెప్పే అంకెలు) పోల్చాలి. ఆ పనికి ఆరుగురిలో ఎవరి పేరు రాసుకున్నారు?

గంటం
తాటాకుల విషయంలో స్కాన్ ఎప్పటికీ చాలదు. గంటంతో (ఇనప ములికితో) గీసి, మసి పూసిన రాత అది. మసి ఊడిపోయిన చోట ఫ్లాట్‌బెడ్‌కి ఉత్త ఆకే కనిపిస్తుంది. ఒక పక్క నుంచి, దాదాపు ఆకుకి సమాంతరంగా వెలుగు వేస్తే గాట్ల నీడలో అక్షరాలు తేలతాయి. అంటే రేపు ఇంకా మంచి పద్ధతి వచ్చినప్పుడు మళ్లీ తియ్యడానికి అసలు ఆకు ఉండాలి.

అతుక్కున్న ఆకుల్ని లాగొద్దు. పైపొర రెండో ఆకుతో లేచిపోతుంది. మెత్తటి కుంచెతో పొడి దుమ్ము దులిపి ఆపండి. నిమ్మగడ్డి నూనె గురించి అందరూ చెబుతారు. గాటు పడిన రాతకయితే పల్చగా పనికొస్తుంది. పైన సిరాతో రాసిన ఆకుకి రాస్తే రాత కూడా చేతికొచ్చేస్తుంది. కొత్త గుడ్డలో చుట్టే ముందు ఉతికి గంజి వదిలించండి, గంజి కోసమే వెండిపురుగులు వస్తాయి. చెక్క పలకలు ఆకు కన్నా కొంచెం పెద్దవిగా ఉండాలి, తాడు బిగించకూడదు.

ఈ పదకొండు కట్టల వరకూ నా ఓటు నగరానికే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి, వాటిని చదివేవాళ్లు చుట్టుపక్కలే ఉంటారు. మీ ఊళ్లో ఆ లిపి చదవగలిగినవాళ్లు ఎందరు?

కవిలెకట్ట
తాటాకుల మీద ఒప్పుకున్నాను గురూ. కానీ "నగరం అంటే ఏసీ" అన్న భ్రమ వద్దు. ఆఫీసు వేళలకి వేసి సాయంత్రం ఆపేసే ఏసీ కన్నా అసలు లేకపోవడం నయం. చల్లబడిన కట్టల మీదికి రాత్రి తేమ గాలి వచ్చి చేరుతుంది, రోజూ ఇదే తంతు. ఇవ్వబోయే ముందు అక్కడ తేమ మీటరు చూపించమని అడగండి.

దస్తావేజు
క్రయ దస్తావేజుల మాట ఎవరూ ఎత్తలేదేమండీ. అవి ఊళ్లోనూ వద్దు, నగరంలోనూ వద్దు. స్కాన్ చేసి ఎవరివి వాళ్లకి వెంటనే తిరిగిచ్చెయ్యండి.

ఎందుకంటే కోర్టులో అసలుది ప్రాథమిక సాక్ష్యం, స్కాన్ ద్వితీయం. ముప్పై ఏళ్లు దాటిన పత్రం "ఉండవలసిన చోటి నుంచి" వస్తే సంతకం నిజమేనని కోర్టు అనుకోవచ్చన్నది 1872 సాక్ష్య చట్టం సెక్షన్ 90. 2024 జులై 1న అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోనూ ఆ సూత్రం ఉంది. పొలం పత్రం ఉండవలసిన చోటు ఆ పొలం కుటుంబమే. మీ బీరువాలోంచి వస్తే ఎదుటి వకీలు మొదటి ప్రశ్న అదే వేస్తాడు, రెండో ప్రశ్నకి మీ ఆరుగురూ సాక్షులవుతారు.

ఇక కరణం లెక్కలు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. పదవి తాలూకు సర్కారు రికార్డు ఇంట్లో మిగిలిపోతే అది ఇంటి ఆస్తి అయిపోదు. ఎస్టేటు నాటి సొంత చిట్టాలు వేరు, సర్కారు అడంగళ్లు (ఏ చేలో ఎవరి సాగు, ఏ పంట అన్న లెక్కలు) వేరు. ముందు ఆ రెండూ విడదియ్యండి. అడంగళ్ల సంగతి తహసీల్దారుకి రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఉప్పుగాలి
సరే, చిట్టాలూ ఫొటోలూ కరపత్రాలూ ఊళ్లో ఉంచుతారనుకుందాం. అప్పుడు కనీసం ఇవి చెయ్యాలి. బీరువా గోడకి అరడుగు ఎడంగా, నేలకి నాలుగంగుళాల ఎత్తులో. కర్పూరం, కలరా ఉండలు వద్దు, ఆ ఆవిరి మనుషులకీ మంచిది కాదు. పురుగు పట్టిన కట్టని పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజరులో వారం ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే చెమర్చి తడుస్తుంది. లామినేషన్ అన్న మాటే ఎత్తొద్దు, అది మళ్లీ ఊడదు. పాత జిగురు ఆల్బముల్లో ఫొటోల్ని గోటితో పీకొద్దు.

తేమ మీటరు కొంటే నమ్మేముందు పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు, ముద్దగా అయ్యేటన్ని నీళ్లు, మీటరుతో పాటు జిప్ సంచిలో మూసి పది పన్నెండు గంటలు. 75 చూపించాలి. 81 చూపిస్తే మీ మీటరు 6 ఎక్కువ చెబుతోందన్నమాట.

రచ్చబండ
దస్తావేజులు తిరిగిచ్చెయ్యడం మీద ఇక్కడ అందరిదీ ఒకే మాట, కమిటీలోనూ ఇది నెగ్గుతుంది. తాటాకులు దానంగా కాకుండా నిక్షేపంగా ఇస్తే? "ఊరు అడిగితే తిరిగివ్వాలి" అన్న షరతుతో?

గంటం
అలాగే ఇవ్వాలి మాస్టారూ, కానీ రసీదు సరిగ్గా రాయించుకోండి. "తాటాకు కట్ట ఒకటి" అని రాస్తే తిరిగొచ్చేదీ కట్ట ఒకటే, అందులో ఎన్ని ఆకులున్నాయో తర్వాత ఎవరూ చెప్పలేరు. కట్టకి ఆకుల సంఖ్య, పొడవు వెడల్పులు సెంటీమీటర్లలో, విరిగినవెన్ని, మొదటి ఆకు మొదటి వరస, ఇచ్చిన ఇల్లు. అడిగిన ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో కూడా. స్కాన్లు ఎవరు ప్రచురించుకోవచ్చన్నది వేరే పేరా.

కవిలెకట్ట
చిట్టాలు మాత్రం ఊళ్లోనే. రెండు వానాకాలాలు రోజూ తేమ రాసి పెట్టండి. మీటరు గదిలో కాదు, బీరువా లోపల, వెనక వరసలో ఉండాలి. నెలలో పది రోజులు 65 దాటిందంటే అప్పుడు ఉప్పుగాలి గారి మాటే వింటాను.

ఉప్పుగాలి
రోజూ అంటే ఆదివారాలు కాదండోయ్.