కోమా గెలాక్సీల గుంపు: మేడ మీది నుంచి ఫొటో సరిగ పడ్తలేదు

ప్రశ్న (మహబూబ్‌నగర్):
అన్నా, నా దగ్గర ఆరంగుళాల న్యూటోనియన్ టెలిస్కోపు (750 మి.మీ. ఫోకల్ లెంత్), ఈక్వటోరియల్ మౌంటు (ఆకాశంతోని పాటు తిరిగే స్టాండు), పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉన్నయి. కోమా గుంపును 60 సెకన్ల లెక్కన 40 ఫొటోలు తీసి కలిపిన. ఆకాశమంత నారింజ రంగు, చుక్కలు సాగినయి. దుకాణమాయన నారోబ్యాండ్ ఫిల్టర్ కొంటె సరిపోతదంటున్నడు. కొనాల్నా?

జవాబు (దేవరకొండ):
కొనకు తమ్మీ. అది ఒకటి రెండు రంగులనే పోనిస్తది, నెబ్యులాలకు (ఆకాశంల మెరిసే వాయు మేఘాలకు) పనికొస్తది, వాటి వెలుగు ఒకటి రెండు రంగుల్లోనే ఎక్కువుంటది. గెలాక్సీ వెలుగంటే వేల కోట్ల నక్షత్రాల వెలుగు, అన్ని రంగులుంటయి. వీధిలైటును కోసే ఫిల్టర్ గెలాక్సీని గూడ కోస్తది. ఆ పైసలు పెట్రోలుకు పెట్టుకో. అమావాస్య ముందట అచ్చంపేట దిక్కు తెలిసినోళ్ల పొలం ఉంటె పో. మన్ననూరు దాటి మాత్రం పోకు, అది పులుల అడవి, రాత్రి ఆగనియ్యరు. పోయినంక ముందు బోరు కాడి బల్బు ఆర్పించు!

చుక్కలు సాగుడు మౌంటు పని. మౌంటు ఇరుసును ధ్రువ నక్షత్రం దిక్కు గురిపెట్టాలె, అది మనకు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటది, పిట్టగోడో వేపచెట్టో అడ్డమొస్తె గురి కుదరదు. ఇంకోటి, మౌంటు అంత వాల్చినంక బరువు దిమ్మె ఉత్తరం దిక్కు కాలుకు తాకుతది. నాకు గట్లనే తాకి మోటరు గుర్రుమంది, రాత్రంత ఆగమైంది. రెండు కాళ్ల నడిమి సందు ఉత్తరానికి వచ్చేటట్టు పెట్టు. కొన్ని మౌంట్లకు దానికోసం మేకు మార్చుకోవాలె.

40 నిమిషాలు చాలవు. ఆ వెలుగు 32 కోట్ల కాంతి సంవత్సరాల నుంచి వస్తుంది. ఫొటోల కనిపించే గరుకు (నాయిస్) సగం తగ్గాలంటె టైం నాలుగింతలు కావాలె, అంటె 160 నిమిషాలు. ఎండకాలం రాత్రి గూడ కెమెరా కాలుతది గనక, మూత పెట్టి అదే ఐఎస్ఓ, అదే 60 సెకన్లతోని డార్క్ ఫ్రేములు (కెమెరా సొంత గరుకును తీసెయ్యడానికి వాడే నల్ల ఫొటోలు) ఓ ఇరవై అక్కడనే తీసుకో. ఇంటికొచ్చి ఫ్యాను కింద తీస్తె లెక్క తప్పుతది. ఫొటోలు కలపడానికి సిరిల్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, దానికి పైసలు కట్టేది లేదు.

ప్రశ్న (మహబూబ్‌నగర్):
మరి గుంపు ఫ్రేములో పడ్డదో లేదో ఎట్ల తెలుస్తది?

జవాబు (దేవరకొండ):
స్వాతికి, సింహరాశి తోక చుక్క ఉత్తర ఫల్గుణికి నడుమ చూడు. బీటా కోమా అనే చుక్క నుంచి పడమరకు రెండున్నర డిగ్రీలు దాటినంక ఉంటది. ఫొటోను పూర్తిగ పెద్దది చేసి చూస్తె పక్కపక్కన రెండు మసక మచ్చలు, అంచులు దూదిపింజ లెక్క. గుంపుల పెద్ద గెలాక్సీలు ఎన్‌జీసీ 4889, 4874 అవే. దగ్గర్ల వెలుగు లెక్కల ఏడో తరగతి (మాగ్నిట్యూడ్ 7) చుక్క ఒకటి బాగ మెరుస్తది, అది గుర్తు.

ప్రశ్న (మహబూబ్‌నగర్):
అన్నా, ఆ రెండు మచ్చలు నా పాత ఫొటోలనే ఉన్నయి! ఫోకస్ పోయిన చుక్కలనుకొని ఇడిసిపెట్టిన.

జవాబు (దేవరకొండ):
అవే తమ్మీ. వాటి చుట్టు ఉండే చిన్న గెలాక్సీలు ఫొటోల రావాలంటెనే పొలం కాడికి పోవాలె.