మూకీ కామెడీల సాయంత్రం: ఎవరెవరు ఏ పని చూస్తారు?

కల్చరల్ కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. హాలు ఖరారైంది. ఈసారి తొలితరం ఫ్రెంచ్ దర్శకురాలు ఆలిస్ గీ బ్లాషే కామెడీలు వేద్దామని నా గట్టి కోరిక. హాలీవుడ్ ఎదగకముందు అమెరికా సినిమా స్టూడియోలు చాలా మన న్యూజెర్సీలోని ఫోర్ట్ లీలో ఉండేవి. పారిస్‌లో సెక్రటరీగా చేరి, 1896 నుంచే సినిమాలు తీసిన ఈవిడ, 1912లో ఫోర్ట్ లీలో తన సోలాక్స్ కంపెనీకి స్టూడియో కట్టించింది. న్యూయార్క్ వెళ్లేటప్పుడు మనం ఆ ఊరు దాటుకునే బ్రిడ్జి ఎక్కుతాం, కానీ ఆవిడ పేరు మన పిల్లలకి ఎవరూ చెప్పలేదు.

మొదట 1906 నాటి 'మదామ్ ఆ దెజాన్వీ'. కడుపుతో ఉన్నావిడ కోరికల కథ. చిన్నపిల్ల చేతిలో లాలీపాప్ లాక్కుంటుంది, ఇంకొకరి మందు గ్లాసు, ఇంకొకరి చేప, చివరికి పొగ పైపు కూడా. మొగుడు పాపం వెనకాలే పిల్లల బండి తోసుకుంటూ వస్తుంటాడు. లాక్కున్న ప్రతిసారీ ఆవిడ మొహం తెర నిండా కనిపిస్తుంది. ఆ చప్పరించడంలో తృప్తి చూడండి, మన అమ్మమ్మలు కూడా పడి పడి నవ్వుతారు.

తర్వాత 1913 నాటి 'మాట్రిమొనీస్ స్పీడ్ లిమిట్'. మధ్యాహ్నం పన్నెండులోపు పెళ్లి చేసుకుంటేనే ఆస్తి అని టెలిగ్రామ్ వస్తుంది. కుర్రాడు రోడ్డు మీద పడి కనబడిన అమ్మాయినల్లా అడుగుతాడు.

యూత్ వాలంటీర్:
అక్కా, ఫ్లయర్ మీద చాప్లిన్ లేకపోతే జనం వస్తారా అని టెన్షన్‌గా ఉంది.

కల్చరల్ కోఆర్డినేటర్:
చాప్లిన్‌ని కూడా వేద్దాం తమ్ముడూ. 1914లో 'మేబెల్స్ స్ట్రేంజ్ ప్రెడికమెంట్' తీసింది నటి, దర్శకురాలు మేబెల్ నార్మండ్. ఆ వదులు ప్యాంటు, టోపీ, చేతికర్ర వేషం ఆయన మొదట కట్టింది ఈ సినిమా షూటింగ్‌కే. ఫ్లయర్ మీద ఆవిడ పేరు ఆయన పేరంత పెద్దగా ఉండాలి.

సౌండ్, ప్రొజెక్టర్:
ఇవి ఎప్పుడో పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చేశాయి, అంటే ఎవరైనా వేసుకోవచ్చు. కానీ డిస్కుల్లో కొత్తగా కలిపిన సంగీతానికి హక్కులుంటాయి. అందుకే మ్యూట్ చేసి మనవాళ్లే వాయిస్తే మేలు, వయొలిన్, తబలా చాలు. స్పీడ్ నేను చూస్తాను. సెకనుకి 16, 18 ఫ్రేముల చొప్పున తీసినవి 24లో నడిపితే మనుషులు ఉరుకులు పరుగులుగా కనిపిస్తారు, నటన పోతుంది.

సీనియర్స్ కమిటీ:
అమ్మా, సీన్ల మధ్య మాటలు చూపించే ఇంగ్లిష్ కార్డులు చదివేలోపే వెళ్లిపోతాయి, మా సంగతేంటి?

కల్చరల్ కోఆర్డినేటర్:
తెలుగు చేసి మైకులో చదువుదాం బాబాయ్ గారూ. నాటకాల అనుభవం ఉంది కాబట్టి మీరే చదవాలి.

పిల్లల కార్యక్రమాలు:
రెండో సినిమాలో ఒక సీన్ ఉంది. ముసుగు తీస్తే నల్లజాతి స్త్రీ అని చూసి హీరో పారిపోతాడు. పిల్లలుంటారు కదా వదినా?

కల్చరల్ కోఆర్డినేటర్:
మంచి మాట అడిగావు. కత్తిరించొద్దు. సినిమాకి ముందే చెబుదాం, అది నవ్వాల్సిన విషయం కాదని. ఎంత గొప్ప డైరెక్టరైనా ఆ తప్పు తప్పే.

పరిచయానికి మూడు నిమిషాలు కావాలి. 1922లో ఫ్రాన్స్‌కి తిరిగి వెళ్లాక ఆలిస్‌కి మళ్లీ సినిమా తీసే అవకాశం రాలేదు. తన సినిమాల కోసం ఏళ్ల తరబడి వెతుక్కుని, 1968లో ఇదే న్యూజెర్సీలో చనిపోయింది. ఇవి తప్పకుండా చెప్పాలి. 1953లో 'చండీరాణి'కి దర్శకత్వం వహించిన మన భానుమతి గారి ప్రస్తావన కూడా రావాలి. ఎవరు మాట్లాడతారో శుక్రవారంలోగా ఇక్కడే రాయండి.