ఒక పక్షాన నిలబడి తీస్తే అది డాక్యుమెంటరీయా, ప్రచారమా?

గోదారిగట్టు:
మొన్న ఆదివారం ‘నో అదర్ ల్యాండ్’ చూశాక మా మిత్రుల మధ్య పెద్ద వాదనే అయింది. ఒకతను “ఇది డాక్యుమెంటరీ కాదు, పాలస్తీనా కరపత్రం” అని లేచి వెళ్లిపోయాడు. ఆ మాట అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

చూడనివారి కోసం కొంచెం చెబుతాను. ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్ దక్షిణాన, హెబ్రోన్ కొండల్లో మసాఫెర్ యట్టా అనే చిన్న చిన్న పల్లెలున్నాయి. గొర్రెలు కాసుకునేవాళ్లు, కొందరి కాపురాలు గుహల్లోనే. 1980ల మొదట్లో ఇజ్రాయెల్ సైన్యం ఆ నేలను 918వ నంబరు ఫైరింగ్ జోన్‌గా, అంటే కాల్పుల శిక్షణ ప్రాంతంగా, ప్రకటించింది. కేసు ఏళ్ల తరబడి నలిగి, 2022 మేలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు సైన్యం వైపే, ఊళ్లు ఖాళీ చేయించవచ్చని తీర్పు చెప్పింది. వెయ్యి మందికి పైగా జనం నెత్తిన ఆ తీర్పు వేలాడుతోంది. ఆ ఊరి కుర్రాడు బాసెల్ అద్రా, ఇజ్రాయెల్ విలేకరి యువల్ అబ్రహామ్, వాళ్లతో హందాన్ బల్లాల్, రాచెల్ షోర్ కలిసి 2019 నుంచి 2023 దాకా తీసిన సినిమా ఇది. 2025 మార్చిలో ఆస్కార్ వచ్చింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పక్షం వహించడం తప్పు కాదు. చూసేవాడికి తెలియాల్సింది దాచడం తప్పు. ఈ సినిమాలో కెమెరా ఎవరి చేతిలో ఉందో మొదట్లోనే తెలిసిపోతుంది. బుల్డోజర్లు వస్తున్నాయనగానే బాసెల్ పరుగెత్తుతాడు, ఫ్రేమ్ ఊగిపోతుంది, అతని ఆయాసం మనకు వినిపిస్తుంది. ఇది మా ఊరు, పోతే మా ఇల్లే పోతుంది అని చెప్పుకునే తీస్తున్నాడు. ఇందులో మోసం ఎక్కడుంది?

దీని పక్కన బీబీసీ సంగతి పెట్టి చూడండి. 2025 ఫిబ్రవరిలో గాజా పిల్లల మీద ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. కథ చెప్పే పదమూడేళ్ల అబ్బాయి తండ్రి గాజాలోని హమాస్ ప్రభుత్వంలో వ్యవసాయ శాఖ ఉపమంత్రి. ఆ సంగతి ప్రేక్షకులకు చెప్పలేదు. బయటపడ్డాక కొద్ది రోజుల్లోనే బీబీసీ ఆన్‌లైన్ వేదిక ఐప్లేయర్ నుంచి తీసేశారు. జులైలో వచ్చిన సమీక్ష, ఆ కుటుంబం కథనాన్ని మార్చిందనడానికి ఆధారం లేదంటూనే, దాచడం మాత్రం నియమాల ఉల్లంఘనే అని తేల్చింది. నాకు బాధ అనిపించేది ఇదే: అందులో పిల్లల కష్టం నిజం. ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పకపోవడంతో ఆ పిల్లలందరి మాటా అనుమానంలో పడింది.

నల్లమల:
గోదారిగట్టు గారూ, “నేను ఫలానా వైపు వాణ్ణి” అని చెప్పేస్తే ఇక ఏం చూపించినా చెల్లుతుందా? ‘జెనిన్, జెనిన్’ డాక్యుమెంటరీని మీ కొలతతోనే కొలవండి.

2002 ఏప్రిల్‌లో వెస్ట్ బ్యాంక్‌లోని జెనిన్ శరణార్థి శిబిరంలో ఇజ్రాయెల్ సైన్యానికీ పాలస్తీనియన్లకూ పోరు జరిగింది. వందల మందిని చంపారని మొదట్లో వార్తలొచ్చాయి. తర్వాత ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పిన లెక్క: పాలస్తీనియన్లు కనీసం 52 మంది, ఇజ్రాయెల్ సైనికులు 23 మంది. దర్శకుడు మొహమ్మద్ బక్రీ శిబిరానికి వెళ్లి అక్కడివాళ్ల మాటలు రికార్డు చేశాడు. వ్యాఖ్యానం లేదు. ఎదుటివైపు మాట లేదు. ఆయన తన పక్షాన్ని దాచలేదు కదా! కానీ ఒక ముసలాయన తన డబ్బు లాక్కున్నారని చెప్పే చోట తెరమీద ఒక సైనికుడి ముఖం కొన్ని సెకన్లు కనిపిస్తుంది. ఆ సైనికుడు కోర్టుకెళ్లాడు. 2021 జనవరిలో లోద్ జిల్లా కోర్టు 1,75,000 షెకెళ్ల పరిహారం ఇమ్మంది, ఇజ్రాయెల్‌లో ప్రదర్శన ఆపేయమంది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు అప్పీలు కొట్టేసింది.

ఏ షాట్ పక్కన ఏ షాట్ పెడితే ఎవరు దొంగవుతారో ఎడిటర్‌కు తెలుసు, చూసేవాడికి తెలియదు.

ఎడిటింగ్ టేబుల్:
షాట్ల గురించి నల్లమల గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, ఆ పని చేసేవాణ్ణి కాబట్టి ఒప్పుకుంటున్నాను. కానీ ఆ శిక్షను మాత్రం ఒప్పుకోను. ఒక మనిషికి కొన్ని సెకన్లలో అన్యాయం జరిగితే ఆ సెకన్లు తీసేయమనాలి, పరిహారం ఇప్పించాలి. శిబిరంలో ఇల్లు కూలిన ప్రతి మనిషి మాటా మూసేస్తే ఎలా? పైగా ఇదే సినిమాను మొదట సెన్సార్ బోర్డు నిషేధిస్తే 2003లో అక్కడి సుప్రీంకోర్టే ఆ నిషేధాన్ని కొట్టేసింది. నచ్చకపోయినా జనం చూసి తేల్చుకుంటారన్న నమ్మకం అప్పుడు ఉండేది.

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ప్రాజెక్టు కింద మునిగిపోయే ఊరి మీద నలభై నిమిషాల సినిమాకు ఎడిటింగ్ చేశాను. పరిహారం చూసే అధికారి మాట కోసం దర్శకురాలు నాలుగు సార్లు వెళ్లింది, ఆయన కెమెరా ముందుకు రాలేదు. సినిమా అయ్యాక అందరూ అన్నది ఒకటే, “ఏకపక్షం.” అధికారం ఉన్నవాడు నోరు విప్పకపోతే నింద నిర్వాసితుడి మీద పడుతుంది. ఆ నాలుగు ప్రయత్నాల తేదీలు తెరమీద వేయకపోవడం మా పొరపాటు. ఇప్పుడైతే వేస్తాను.

ఇందూరు బిడ్డ:
నేను తెల్ అవీవ్ దగ్గర ఒక పెద్దావిడను చూసుకునే పనిలో ఉన్నా, ఐదేళ్లు దాటింది. మీరంతా సినిమాల గురించి మాట్లాడుతున్నారు. 2023 అక్టోబర్ 7 పొద్దున, హమాస్ ఇజ్రాయెల్ మీద దాడి చేసిన రోజు, సైరన్ మోగినప్పుడు మా చేతిలో ఉన్నది ఒకటిన్నర నిమిషం. పాత బిల్డింగ్, లోపల సేఫ్ రూమ్ లేదు. ఆవిడను వీల్‌చైర్‌లో మెట్ల దగ్గరికి తోసుకొచ్చి చెవులు మూసిన. ఆవిడ చెయ్యి ఎట్లా వణికిందో నాకిప్పటికీ గుర్తే.

మా ఊరి నుంచి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న “నువ్వు ఎవరి దిక్కు?” అనే. ఆ పెద్దావిడ దిక్కా, గాజాలో చచ్చిపోతున్న పిల్లల దిక్కా అంటే నేనేం చెప్పాలె? ‘నో అదర్ ల్యాండ్’ నేనూ చూసిన. బాగా ఏడ్చిన. కానీ చివర్లో అక్టోబర్ 7ను అంత తొందరగా దాటేస్తే ఆవిడలాంటి వాళ్లు టీవీ ఆపేస్తరు. వాళ్లు చూడకుంటే ఆ ఊరికి ఏం లాభం అన్నా?

గోదారిగట్టు:
చెల్లీ, నీ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక పల్లెలో నాలుగేళ్లు తీసిన సినిమా దేశం మొత్తం చరిత్ర మోయలేదని అంటాను. కానీ ఆ పెద్దావిడ టీవీ ఆపేస్తే నష్టం మసాఫెర్ యట్టాకే అన్నావు, అది నిజం.

ఆస్కార్ వేదిక మీద యువల్ గాజా విధ్వంసం ఆగాలని, అక్టోబర్ 7న పట్టుకెళ్లిన ఇజ్రాయెలీ బందీలను విడిచిపెట్టాలని ఒకే మాటగా అన్నాడు. ఆ వారమంతా ఏం జరిగిందో చూడు. ఇజ్రాయెల్ సాంస్కృతిక మంత్రి ఆ అవార్డును సినిమా ప్రపంచానికి విచారకరమైన ఘట్టం అన్నాడు. ఇజ్రాయెల్‌ను సాంస్కృతికంగా బహిష్కరించాలనే పాలస్తీనా సంస్థ పాక్బీ, ఇదే సినిమా తమ నియమాలకు విరుద్ధమని ప్రకటించింది. ఇజ్రాయెల్‌తో సంబంధాలను మామూలు చేసే సంస్థ సాయం తీసుకోవడం దాని అభ్యంతరాల్లో ఒకటి. కరపత్రమే అయితే, ఏ పక్షం కరపత్రమో ఆ పక్షమైనా చంకన ఎత్తుకోవాలి కదా.

నల్లమల:
ఆ ఒక్క సినిమాకు మీ మాట ఒప్పుకుంటా. కానీ అటువైపు కూడా చూడండి. 2025 ఆగస్టులో టొరంటో ఫిల్మ్ ఫెస్టివల్, ‘ద రోడ్ బిట్వీన్ అస్’ను జాబితా నుంచి తప్పించింది. అక్టోబర్ 7న కొడుకు కుటుంబాన్ని కాపాడుకోవడానికి గాజా సరిహద్దు దగ్గరి ఇజ్రాయెల్ ఊరు నహల్ ఓజ్‌కు వెళ్లిన రిటైర్డ్ జనరల్ కథ అది. చెప్పిన కారణాల్లో ఒకటి, దాడి చేసినవాళ్లే తీసిన దృశ్యాలకు హక్కుల అనుమతి లేదని! జనం మండిపడ్డాక మళ్లీ చేర్చారు. చివరికి ప్రేక్షకుల ఓటుతో ఉత్తమ డాక్యుమెంటరీ అయింది. ఏ వైపు గాయం చూపించినా ఎవరో ఒకరు తెర దించాలనే చూస్తున్నారు.

గోదారిగట్టు:
ఆ సినిమాను ఆపబోవడం నాకూ తప్పే అనిపించింది. రెండూ చూడాలి.

ఇందూరు బిడ్డ ఏం లాభం అని అడిగింది. అవ్దా హథలీన్ గురించి చెప్పాలి. ఆ హెబ్రోన్ కొండల్లోనే ఉన్న ఉమ్మ్ అల్-ఖైర్ ఊరి టీచర్, ‘నో అదర్ ల్యాండ్’ తీసినవాళ్లకు సాయపడిన మనిషి. 2025 జులై 28న సొంత ఊళ్లోనే తూటా తగిలి చనిపోయాడు. అప్పుడు అతని చేతిలో ఉన్నది కెమెరానే. అతను తీసిన ఆ వీడియోను ఇజ్రాయెల్ మానవ హక్కుల సంస్థ బ్త్సెలెమ్ బయటపెట్టింది. కాల్చినవాడు అందులో కనిపిస్తాడు.

ఇందూరు బిడ్డ:
ఆ వీడియో నాకు పంపింది మా పెద్దావిడ కూతురే, అన్నా. కింద ఒక్క ముక్క రాసింది, “అమ్మకు చూపించకు.” నాలుగు రోజులాగి తనే వచ్చి అమ్మ పక్కన కూర్చొని చూపించింది.