పిల్లల వ్యాసాల్లో కాపీ ఎలా తేల్చాలి? సొంతంగా రాసినవాళ్లకు ఏమివ్వాలి?

అందరికీ నమస్కారం. విశాఖలో మా కాలనీ గ్రంథాలయం తరఫున హైస్కూలు పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టాం. దిద్దే బాధ్యత నాది. ఎక్కువమంది భీమిలి దగ్గర తీరంలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల మీద రాశారు.

2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా (భూగర్భ చరిత్ర రీత్యా కాపాడుకోవాల్సిన చోటుగా) ప్రకటించారన్న సంగతి అందరూ రాయొచ్చు, అది కాపీ కాదు. వాక్యాలే ఎత్తేస్తే బాధ. అనుమానం వచ్చిన వాక్యాన్ని కొటేషన్ మార్కుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతికితే, నేరుగా దించినవి చాలావరకు దొరుకుతున్నాయి. ఇంగ్లీషు నుంచి ఫోన్‌లో అనువాదం చేయించినవి మాత్రం దొరకడం లేదు. ‘గాలి చేత తీసుకురాబడిన ఇసుక’ అని ఎనిమిదో తరగతి పిల్లాడు రాయడని నాకు అనిపిస్తుంది, కానీ అది రుజువు కాదు కదా! అక్షరాలను యూనికోడ్‌లో కాకుండా వేరే కోడ్‌లో దాచే పాత ‘అను’ ఫాంట్లలో ఉన్న వ్యాసాలైతే మామూలు తెలుగు టైపింగ్‌తో వెతికినా దొరకవు. ఇలాంటివి ఎలా తేల్చాలి? పిల్లల్ని పిలిచి వాళ్ల వ్యాసం గురించే కాసేపు మాట్లాడిద్దామనుకుంటున్నాను. నేరం మోపినట్టు కాకుండా ఎలా అడగాలి? టీచర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఇంకో విషయం. ఒక అమ్మాయి, వాన వెలిశాక దిబ్బల మధ్య గాడుల్లో నీళ్లు ఎర్రగా పారడం తాను చూసినట్టే రాసింది. అక్షరదోషాలు బోలెడు. నా దృష్టిలో మొదటి బహుమతి ఆ వ్యాసానికే. తోటి న్యాయనిర్ణేతలు ఒప్పుకోవడం లేదు. సొంత పరిశీలనకు ఎన్ని మార్కులు పెట్టడం న్యాయం? బహుమతిగా పుస్తకాలు మంచివా, నగదా? ఆదివారంలోగా చెబితే చాలా మేలు చేసినవారవుతారు.