జెట్ ఇంజన్ బ్లేడ్లు: నికెల్ వదిలేసి సిరామిక్ కాంపోజిట్‌కి వెళ్లిపోవాలా?

దుర్గ_ఏరో: లీప్ ఇంజన్ 2016 నుంచి ప్రయాణికుల విమానాల్లో తిరుగుతోంది, దాని టర్బైన్ ష్రౌడ్లు సిలికాన్ కార్బైడ్ అనే సిరామిక్ కాంపోజిట్‌వి. నికెల్‌తో చూస్తే బరువు మూడో వంతే, చల్లబరిచే గాలి కూడా తక్కువ సరిపోతుంది. మనం ఇంకా సింగిల్ క్రిస్టల్ నికెల్ బ్లేడ్ల వెంటే పడుతున్నాం. తేజస్ యుద్ధ విమానం కోసం మన కావేరి ఇంజన్‌కి 1989లో అనుమతి వచ్చింది, తేజస్ ఇప్పటికీ అమెరికా ఇంజన్ జీఈ 404తోనే ఎగురుతోంది. ఆ మెట్టు దాటేసి నేరుగా కాంపోజిట్‌కి పోతే పోలా?

పోతపని: దుర్గ గారూ, ష్రౌడ్ తిరిగేది కాదండీ, బ్లేడ్ల కొసల చుట్టూ కదలకుండా ఉండే వలయం. బాగా వేడి తగిలే చోట తిరిగే టర్బైన్ బ్లేడ్లు లీప్‌లోనూ నికెల్‌వే, జీఈ9ఎక్స్ ఇంజన్‌లోనూ నికెల్‌వే. దాటేద్దామంటున్న ఆ మెట్టు ఎంత ఎత్తో చూడండి. మైనంతో బ్లేడు చేసి, లోపల గాలి దారుల కోసం సిరామిక్ కోర్ పెట్టి, చుట్టూ పెంకు కట్టి, మైనం కరిగించేశాక వాక్యూమ్‌లో లోహం పోసి అచ్చును వేడి కొలిమిలోంచి మెల్లగా కిందికి దించుతారు. అడుగున పందితోకలా మెలి తిరిగిన సన్నని దారి ఉంటుంది, కింద ఎన్ని గ్రెయిన్లు (లోహపు స్ఫటికాలు) మొదలైనా ఒక్కటే దాన్ని దాటి పైకొస్తుంది, బ్లేడంతా ఆ ఒక్కటే. మధ్యలో ఇంకో గ్రెయిన్ తలెత్తినా, కోర్ కాస్త జరిగి గోడ పలచబడినా ఆ బ్లేడు స్క్రాప్‌కే. నాకు తెలిసి ఇంత సతాయించే పోత ఇంకోటి లేదు.

కంచన్‌బాగ్_కుర్రాడు: పైగా ఆ కాంపోజిట్‌లో వాడే సిలికాన్ కార్బైడ్ ఫైబర్ టెక్నాలజీ ప్రధానంగా జపాన్ వాళ్లది. దహనంలో పుట్టే నీటి ఆవిరి తగిలితే పైన ఏర్పడే సిలికా పొర ఆవిరై కొట్టుకుపోతుంది, దానికి వేరే కోటింగ్ వేయాలి, అది పెచ్చులూడితే మళ్లీ మొదటికే.

దుర్గ_ఏరో: ఫైబర్ దిగుమతి అంటున్నారు, మరి సీఎంఎస్ఎక్స్-4 అనే నికెల్ బ్లేడ్ మిశ్రమంలో 3 శాతం ఉండే రీనియం అనే అరుదైన లోహం సంగతి? అదీ చిలీ రాగి గనుల దయే కదా!

పోతపని: నిజమే, అయినా నికెల్ దారిలో మన చేతికి ఎంతో కొంత వచ్చింది. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ తన సొంత నికెల్ మిశ్రమంతో హెలికాప్టర్ ఇంజన్‌కి 300 సింగిల్ క్రిస్టల్ బ్లేడ్లు చేసే పని పెట్టుకుని, 2021లో మొదటి సెట్‌గా 60 బ్లేడ్లు విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్‌కి ఇచ్చింది. హెలికాప్టర్ ఇంజన్‌ది చిన్న బ్లేడు, యుద్ధ విమానానిది వేరే లెక్క, ఒప్పుకుంటా.

కంచన్‌బాగ్_కుర్రాడు: అసలు గొడవ ఇద్దరూ వదిలేశారు. కావేరిని గాల్లో పరీక్షించడానికి మన దగ్గర విమానం లేక 2010లో రష్యాలో ఐఎల్-76 రవాణా విమానానికి తగిలించాల్సి వచ్చింది. నికెల్ అయినా సిరామిక్ అయినా వేల గంటలు మంటలో నడపకుండా ఎవడు నమ్మి ఎక్కుతాడు? నన్నడిగితే ముందు డబ్బు ఇంజన్‌ని నడిపి పరీక్షించే టెస్ట్ బెడ్‌కి పెట్టాలి.

దుర్గ_ఏరో: అదీ కట్టండి. కదలని ముక్కలు, అంటే ష్రౌడ్లు, వేడి గాలిని బ్లేడ్ల మీదికి మళ్లించే నాజిళ్లు మాత్రం ఇప్పుడే సిరామిక్‌లో మొదలెట్టాలి, టెస్ట్ బెడ్ వచ్చేసరికి అందులో పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలిగా.