రెండెకరాలు పోయిన ఇల్లు సర్వేలో ఎక్కడ కనపడుతుంది?

సాగర్‌కాలువ:
ఎంఏ ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం మిర్యాలగూడ దగ్గర మా ఊళ్లోనే 60 ఇళ్లు తిరుగుతున్నాను. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీలోని 12 అంశాలే నా ఫారం: పోషకాహారం, బడి, వంటగ్యాసు, మరుగుదొడ్డి, బ్యాంకు ఖాతా, అట్లా. మొన్న మా ఇంటికి కూడా నింపి చూశాను. అన్నీ ఉన్నాయి. కాగితం మీద మేం పేదలం కాదు.

2004లో నాన్నకు కిడ్నీ ఆపరేషన్ అయింది, అది వికటించి రెండోసారి కూడా కోశారు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాం. ముందు బర్రెలు పోయాయి, తర్వాత కాలువ కింది రెండెకరాలు. మరుసటేడు అదే మడిలో అమ్మ కూలికి నాటేసింది. నేను గట్టు మీద కూర్చుని చూశాను.

దీన్ని ఏ గడిలో రాయాలి? ఇట్లా పడిపోయిన ఇళ్లను లెక్కగట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గోదావరిగట్టు:
ఉన్నారమ్మా. డ్యూక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అనిరుధ్ కృష్ణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 36 ఊళ్లు తిరిగారు. పాతికేళ్లలో నూటికి 14 ఇళ్లు పేదరికంలోంచి బయటపడ్డాయి, 12 ఇళ్లు కొత్తగా అందులో పడ్డాయి. మొత్తం లెక్క ఒక్కటే చూస్తే తగ్గింది రెండే. ఆ 12 ఇళ్ల కథ అందులో మాయమైపోతుంది. పడినవాళ్లు చెప్పిన కారణాల్లో జబ్బు, వైద్యం ఖర్చులదే పైచెయ్యి. పెళ్లిళ్లు, వడ్డీ అప్పులు కూడా ఉన్నాయి.

ఆయన పద్ధతి నీకు పనికొస్తుంది. ఊరివాళ్లను కూర్చోబెట్టి, ఏమీ లేని ఇంటికి నాలుగు డబ్బులొస్తే మొదట ఏం చేస్తారని అడుగుతారు. తర్వాత? ఆ తర్వాత? ఏ మెట్టు దాటితే పేద కాదో కూడా వాళ్లే తేలుస్తారు. అప్పుడు ఒక్కో ఇల్లు ఆనాడు ఏ మెట్టు మీద ఉంది, ఈనాడు ఏ మెట్టు మీద ఉంది అని చూస్తారు. సంవత్సరం అంకె చెప్తే ఎవరికీ గుర్తుండదు, ఊరంతా ఎరిగిన సంగతి ఒకటి పట్టుకో.

ఓరుగల్లు_నర్స్:
ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. మా మామయ్య ఆపరేషన్ దాంట్లోనే అయింది, పైసా కట్టలేదు. అయినా అప్పయింది. అత్తయ్య, మామయ్య ఇద్దరికీ రెండు నెలల కూలి పోయింది, బస్సు చార్జీలు, గది అద్దె, బయట కొన్న మందులు. పోయిన కూలి రోజులెన్నో తప్పకుండా అడుగు చెల్లీ, అది ఏ బిల్లులోనూ ఉండదు.

సాగర్‌కాలువ:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. సార్ చెప్పిన ప్రశ్న రాత్రి అమ్మనే అడిగాను. తిండి అంటుందనుకున్నా. "కుదువపెట్టిన పుస్తెలు విడిపించుకున్న. తిండి ఎట్లనో తింటిమి" అంది. పొలం సంగతి నేనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.

37 ఇళ్లు అయిపోయాయి, వాటికీ మళ్లీ వెళ్తాను. "ఉచిత కరెంటు వచ్చిన ఏడాది" అంటే మా దగ్గర అందరికీ తెలుస్తుంది, 2004కి అదే గుర్తు పెట్టుకుంటున్నా. కూలి రోజులకు ఇంకో గడి గీశాను. పుస్తెలకు కూడా.